ఆర్గన్ వాద్యశిల్పి సిల్బర్‌మన్

వాద్యం వాయించిన విద్వాంసుణ్ణి లోకం తరతరాలు తలచుకుంటుంది. దానిని చేసిన చేతిని త్వరలోనే మరచిపోతుంది. బొబ్బిలి వీణ పేరు విననివారు మనలో అరుదు. దానిని మలచినవారి పేర్లు చెప్పగలవారు మరీ అరుదు. ఆ మరపును జయించిన పాశ్చాత్య వాద్యశిల్పి గాట్‌ఫ్రీడ్ సిల్బర్‌మన్.

ఆయన 1683లో జర్మనీలోని సాక్సనీ సీమలో ఒక వడ్రంగి ఇంట జన్మించాడు. అన్న ఆండ్రియాస్ స్ట్రాస్‌బుర్గ్‌కు వలసపోయి ఆర్గన్ల నిర్మాణంలో స్థిరపడగా, తమ్ముడు అతని వద్ద పని నేర్చి 1710లో స్వదేశం చేరాడు. వెండిగనుల పట్టణమైన ఫ్రైబెర్గ్‌లోని ప్రధాన చర్చి, ముప్పై ఏండ్లైనా నిండని ఆ యువకునికి పెద్ద ఆర్గన్ పని అప్పగించింది. 1714లో అది పూర్తయింది: మూడు మెట్ల వరుసలు, 44 స్టాపులు, రెండున్నర వేలకు పైగా గొట్టాలు!

మన హార్మోనియంలో గాలికి కంపించేవి లోహపు రీడులు. చర్చి ఆర్గన్‌లో చాలా గొట్టాలు పిల్లనగ్రోవివలె పలుకుతాయి. తిత్తులలోని గాలి గొట్టాల క్రింది పెట్టెలో నిండుతుంది. మెట్టు నొక్కితే దానికి తగిలించిన సన్నని కొయ్యబద్దలు కదలి, పెట్టెలోని మూత తెరుస్తాయి. గాలి గొట్టంలో దూరి నాదమౌతుంది. నడుమ మరే శక్తీ లేదు. కనుక బద్ద బిగిసినా, మూత సరిగా కూర్చోకపోయినా వాయించేవాని వ్రేలికి వెంటనే తెలిసిపోతుంది. తగరం, సీసం పాళ్ళలోను, గొట్టపు నోరు కోయడంలోను లోపముంటే చెవి పట్టేస్తుంది. ఈ రెండు పరీక్షలకూ నిలిచినది సిల్బర్‌మన్ పని.

అయితే ఆయన మెత్తని మనిషి కాడు. శిష్యుడు హిల్డెబ్రాంట్ పోటీగా ఆర్గన్లు కట్టబూనగా తగవు పెట్టుకున్నాడు. తాను చేసిన తొలి పియానోలలో సంగీతస్రష్ట బాక్ తప్పులెన్నితే చాలా నొచ్చుకున్నాడు. కాని ఆ కోపాన్ని పనిలోనే తీర్చుకున్నాడు; ఏండ్ల తరబడి దిద్ది, చివరకు బాక్ మెప్పు పొందాడు. 1746లో నౌంబుర్గ్‌లో హిల్డెబ్రాంట్ కట్టిన ఆర్గన్‌ను పరీక్షించడానికి వెళ్ళినవారు ఆ బాక్, ఈ గురువే. కొన్ని సవరణలు చెప్పి, పనిని అంగీకరించారు.

ద్రెస్‌డెన్ రాజచర్చి ఆర్గన్ ముగియకముందే, 1753లో సిల్బర్‌మన్ కన్నుమూశాడు. దానిని 1755 నాటికి ముగించడంలో ముందు నిలిచినవాడు, ఒకనాడు తగవుపడిన ఆ హిల్డెబ్రాంటే.

1945 ఫిబ్రవరి బాంబుదాడిలో అదే నగరంలోని ఫ్రౌవెన్‌కిర్శె చర్చి, అందులో ఆయన 1736లో ముగించిన ఆర్గన్ నాశనమయ్యాయి. రాజచర్చి గొట్టాలను మాత్రం 1944లోనే విప్పి దాచినందువల్ల, 1971లో ఆ వాద్యం మళ్ళీ పలికింది. ఫ్రైబెర్గ్ ఆర్గన్ నేటికీ మ్రోగుతూనే ఉన్నది. ఆయనకు సంతానం లేదు. ఆయన వంశం ఆ నాదమే.