దేశానికే మాస్టారు – జూలియస్ నైరేరే

మా హాస్టల్లో చాలామందిమి మా ఇళ్లలో మొదటిసారి బడి మెట్లెక్కినవాళ్లం. అందుకే ఈ సంచికలో, ఇల్లు వదిలి వసతి బడిలో చదువుకుని దేశాధ్యక్షుడైన ఒక మాస్టారి గురించి చెప్పుకుందాం. ఆయనే ఆఫ్రికాలోని టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ నైరేరే.

ఆయన 1922 ఏప్రిల్ 13న బుటియామా అనే పల్లెలో జన్మించారు. తండ్రి తెగ పెద్దే అయినా 12 ఏళ్లు వచ్చేదాకా ఆయన బడి ముఖం చూడలేదు. ఆ బడి కూడా సుమారు 40 కిలోమీటర్ల దూరాన ముసోమాలో ఉండేది. ఆ తర్వాత టబోరాలోనూ, ఉగాండాలోని మకెరెరె కళాశాలలోనూ చదివి, 1952లో బ్రిటన్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుండి ఎం.ఏ. పట్టా పొందారు. తిరిగి వచ్చి ఉపాధ్యాయుడయ్యారు. 1954లో స్వాతంత్ర్యం కోసం టాను పార్టీని స్థాపించారు. ఉద్యోగమా, ఉద్యమమా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు 1955లో ఉద్యోగం వదులుకున్నారు. అయినా ప్రజలు ఆయనను చివరిదాకా మ్వాలిము అనే పిలిచారు. స్వాహిలీ భాషలో ఆ మాటకు మాస్టారు అని అర్థం.

1961 డిసెంబర్ 9న స్వాతంత్ర్యం వచ్చేనాటికి ప్రాథమిక పాఠశాలల్లో ఉన్న పిల్లలు 5 లక్షల లోపే. చదివిన కొద్దిమందీ పల్లెను మరిచిపోతారేమోనని ఆయన భయం. 1966లో జాతీయ సేవ నిబంధనలకు వ్యతిరేకంగా ఊరేగింపు చేసిన విద్యార్థులను కళాశాల నుండి పంపించివేశారు. అదే సమయంలో తన జీతమూ తగ్గించుకున్నారు. శిక్ష కఠినమే, కానీ త్యాగం తనతోనే మొదలుపెట్టారు. 1967లో, బడిలో చదువుతో పాటు పొలం పని కూడా ఉండాలన్న విధానం తెచ్చారు. 1973లో ప్రాథమిక పాఠశాలల్లో ఫీజులు రద్దయ్యాయి. 1974లో ప్రతి బిడ్డకూ ప్రాథమిక విద్య అందించాలని నిర్ణయించారు. 1980 నాటికి బడి పిల్లల సంఖ్య 30 లక్షలు దాటింది.

అయితే అన్నీ సవ్యంగా జరగలేదు. అంతమంది పిల్లలకు చాలినంత మంది ఉపాధ్యాయులు లేరు. అందుకని ఏడో తరగతి ముగించిన యువతకే శిక్షణ ఇచ్చి పాఠాలు చెప్పించారు. ఏడు దాటాక హైస్కూలు తలుపు చాలా ఇరుకు. పదిమందిలో ఒకరికైనా ప్రభుత్వ హైస్కూల్లో సీటు దొరికేది కాదు. సీటు దొరికినవారికి మరో అడ్డంకి: ఏడేళ్లు స్వాహిలీలో చదివిన పిల్లలకు ఒక్కసారిగా పాఠాలన్నీ ఇంగ్లీషులో. తెలుగు మీడియం నుండి వెళ్లి ఇంటర్ తరగతిలో బిక్కమొహం వేసిన మా అన్నలను, అక్కలను చూసిన మాకు ఆ కష్టం ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంతా చేసి, షేక్‌స్పియర్ నాటకాలను స్వాహిలీలోకి అనువదించినది కూడా నైరేరేగారే!

1985లో ఆయన తనంతట తానే అధ్యక్ష పదవి నుండి తప్పుకున్నారు. ఆర్థిక కష్టాల వల్ల ఫీజులు మళ్లీ వచ్చాయి, ఎందరో పిల్లలు బడికి దూరమయ్యారు. 1999 అక్టోబర్ 14న మ్వాలిము లండన్‌లో కన్నుమూశారు. ప్రాథమిక ఫీజులు రెండోసారి రద్దయినది 2001లో. అది చూడటానికి ఆయన లేరు.

బడి తలుపు తెరవడం ఒక ఎత్తు, లోపలికి వచ్చిన బిడ్డను చివరిదాకా నడిపించడం మరో ఎత్తు. మొదటిది మాకు పెద్దలు చేసిపెట్టారు. రెండో దానిలో కొంత మా చేతుల్లోనూ ఉంది. ఈ ఏడు మా గదుల్లోకి వచ్చే తమ్ముళ్లకు ఇంగ్లీషు పాఠం అర్థం కాకపోతే, పక్కన కూర్చుని తెలుగులో విడమరిచి చెబుదాం. మనలో ప్రతి ఒక్కరం కాసేపు మ్వాలిము అవుదాం.