కండరాల సత్తువ గుట్టు విప్పిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు

పరుగెత్తిన మనిషి కాళ్లు ఎందుకు బరువెక్కుతాయి? కాసేపు ఆగితే సత్తువ ఎలా తిరిగి వస్తుంది? ఈ ప్రశ్నలకు సమాధానం వెతికిన శాస్త్రవేత్తలలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అగ్రగణ్యులు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. రెండుసార్లు తప్పి, మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ, గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్స బోధించే ఆంగ్లేయ ఆచార్యునికి అది రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల వ్యాధి కొద్ది రోజుల తేడాతో బలిగొంది.

మామగారి తోడ్పాటుతోనూ, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయంతోనూ ఆయన అమెరికా చేరుకున్నారు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డులో చదివారు. అక్కడే సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరం అలసటకు, పనికి లాక్టిక్ ఆమ్లమే మూలమని నాటి శాస్త్రలోకం భావించేది. ఆ పరిశోధనలకు హిల్, మేయర్హాఫ్‌లు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి సైతం అందుకున్నారు. 1927లో ఫిస్కే, సుబ్బారావులు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొనడంతో ఆ భావన సడలింది. 1929లో వారు ఏటీపీని కూడా వేరుచేశారు. అదే కాలంలో జర్మనీలో లోమాన్ సైతం దానిని కనుగొన్నారు.

కండరం పనిచేసేటప్పుడు ఏటీపీ ఖర్చవుతుంది. దానిని వెంటనే భర్తీ చేసేది ఫాస్ఫోక్రియాటిన్. తీవ్ర శ్రమలో ఈ నిల్వ సెకన్లలోనే తరిగిపోతుంది. విడుదలైన ఫాస్ఫేట్ పేరుకుని కండరం పట్టును సడలిస్తుంది. ఆరోగ్యవంతులలో కొద్ది నిమిషాల విశ్రాంతితో నిల్వ మళ్లీ నిండుతుంది. మైటోకాండ్రియా లోపం వల్ల వచ్చే కండర వ్యాధులలో అది ఆలస్యమవుతుంది. అందుకే ఆ రోగులు స్వల్ప శ్రమకే డస్సిపోతారు. మయస్థీనియా గ్రావిస్‌లో లోపం వేరు: నరం పంపే సందేశమే కండరానికి సరిగా అందదు. ఫాస్ఫోక్రియాటిన్ ఎంత వేగంగా కోలుకుంటున్నదో నేడు అయస్కాంత పరీక్షతో, సూది గుచ్చకుండానే వైద్యులు కొలవగలుగుతున్నారు.

ఇంతటి కృషి చేసినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన సారథ్యంలో ఫోలిక్ ఆమ్లం తయారీ, రక్త క్యాన్సర్ చికిత్సకు దారి చూపిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్, బోదకాలును అరికట్టే డైఇథైల్ కార్బమజైన్ వెలువడ్డాయి.

స్వదేశానికి గానీ, భార్య శేషగిరి చెంతకు గానీ తిరిగి రాకుండానే 1948 ఆగస్టులో, 53వ ఏట న్యూయార్క్‌లో కన్నుమూశారు. అమెరికా పౌరసత్వం స్వీకరించలేదు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ల విడుదల చేసింది.

నికోబార్‌లోని నాన్‌కౌరీ దీవులలో పగటిపూట కుట్టే దోమల ద్వారా బోదకాలు వ్యాపిస్తుంది. ఆ ప్రజలకు డైఇథైల్ కార్బమజైన్ కలిపిన ఉప్పును అందించారు. తన దేశానికి తిరిగిరాని శాస్త్రవేత్త కృషి ఆ విధంగా, బంగాళాఖాతం నడుమనున్న భారతీయుల ఇళ్లకు చేరింది.