యల్లాప్రగడ సుబ్బారావు – కర్తవ్యదీక్ష, గృహఋణము

శ్రీరాంపూరు బొగ్గుగనుల చెంతనున్న కార్మికవాడలలోను, గోదావరికి దక్షిణమున కరీంనగరము వైపు గ్రామములలోను గర్భవతులైన స్త్రీలకు ఆరోగ్యకార్యకర్తలు రక్తవృద్ధికై ఐరన్, ఫోలిక్ ఆమ్లము గల మాత్రల నిచ్చుట అందరెరిగినదే. బోదకాలు వ్యాపింపకుండుటకై పాత కరీంనగరము జిల్లాలో డి.ఇ.సి. మాత్రలను ఇంటింటికి పంచుటయు పెక్కుమంది చూచినదే. ఈ రెండు మందుల చరిత్రలోను ఒక తెలుగువాని పేరు కలదు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయనవలన మేలు పొందిన గృహములు లోకమున లెక్కకు మిక్కిలి. ఆయన సొంత గృహము మాత్రము ఆయనను పోగొట్టుకొనెను. ఈ రెండు సంగతులను కలిపి చెప్పినగాని ఆ మహనీయుని జీవితమును పూర్తిగా చెప్పినట్లు కాదు.

బాల్యము – విద్య

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. తండ్రి రెవెన్యూశాఖలో ఉద్యోగి. అనారోగ్యకారణమున ముందుగనే ఉద్యోగము విడువవలసి వచ్చెను. సంతానము పెద్దది, ఆదాయము చిన్నది. బాలునకు మొదట చదువుపై మనసు నిలువలేదు. పదుమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని బయలుదేరెననియు, పెద్దలు వెదకి పట్టి తెచ్చిరనియు చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్ష మూడవ పర్యాయమునగాని గట్టెక్కలేదు. తండ్రి గతించినను కుమారుని చదువు ఆగరాదని పట్టుబట్టినది తల్లి వెంకమ్మయే.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న దినములలో రామకృష్ణ మఠమువారి సేవ ఆయన మనసు నాకర్షించెను. సన్న్యసింపవలెనని తలచెను. తల్లి అనుమతి లేనిదే మఠము చేర్చుకొనదు, వెంకమ్మ అనుమతింపలేదు. సన్న్యాసికి బదులు వైద్యుడనై దీనులకు సేవ చేయుదునని ఆయన మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించెను. కాషాయము ధరింపకపోయినను ఆ వైరాగ్యబుద్ధి ఆయనను జీవితాంతము విడువలేదు. తరువాతి కథకంతకు మూలమిదియేయని తోచును.

వైద్యవిద్యకు ధనము కావలెను. కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు సహాయము చేసిరి. వారి కుమార్తె శేషగిరితో 1919లో సుబ్బారావునకు వివాహము జరిగెను. అది గాంధీమహాత్ముని పిలుపునకు దేశము మేల్కాంచుచున్న కాలము. సుబ్బారావు ఖద్దరు ధరించి కళాశాలకు పోయెను. శస్త్రచికిత్స బోధించు ఆంగ్లేయ ఆచార్యునకు అది సరిపడలేదు. దాని ఫలితముగ పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. అర్హతయే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖ తలుపులు మూసికొనెను.

ఇంతలో ఆ కుటుంబముపై పిడుగు పడెను. ఆహారమును ఒంటికి పట్టనీయక దేహమును క్షీణింపజేయు స్ప్రూ అను జబ్బుచే అన్నయు తమ్ముడును కొద్దిదినముల యెడముతో మరణించిరి. సుబ్బారావునకును ఆ జబ్బే సోకినది. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే ఆయన బ్రతికి బయటపడెను. పిదప మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించెను. సోదరులను బలిగొన్న వ్యాధికి కారణమేమి, మందేమి అను ప్రశ్న ఆయనను నిద్రపోనీయలేదు. విదేశమునకు పోయి పరిశోధింపవలెనని నిశ్చయించుకొనెను.

సముద్రమునకు ఆవల

ప్రయాణమునకు మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మసంస్థయు తోడ్పడిరి. కొద్ది సంవత్సరములలో చదువు ముగించుకొని తిరిగివచ్చుట ఉద్దేశము. ఆయన బయలుదేరునాటికి శేషగిరి గర్భవతి. 1923 చివరకు ఆయన అమెరికాలోని బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యవిద్యాలయమున చదువుచుండెను. చేతిలో ధనము లేదు. వైద్యపట్టము గలవాడైనను రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపరచు పనికి కుదిరి పొట్టపోసికొనెను. ఏ పనియు నీచము కాదను భావము ఆయనకు సహజముగ అబ్బియుండెను.

ఇక్కడ ఇంటియందు శేషగిరి మగబిడ్డను ప్రసవించెను. ఆ శిశువు ఏడాది నిండకమునుపే అంటురోగముచే మరణించెను. తండ్రి బిడ్డ ముఖము చూడలేదు. బిడ్డ తండ్రి చేతి స్పర్శ ఎరుగదు. చిన్నవయసున పుత్రశోకము పొందిన ఆ ఇల్లాలికి భర్త చెంతలేడు. సముద్రము దాటి ఉత్తరము చేరుటకే వారములు పట్టు కాలమది. దుఃఖము నిచ్చిపుచ్చుకొనుటకు దంపతులకు కాగితమే ఆధారమైనది. ఆ శోకవేళనైనను ఆయన మరలి రాలేదు. ఆ తరువాత రెండు దశాబ్దములకు పైగ జీవించియు రాలేదు. మద్రాసు విడిచిన దినమే ఆ దంపతుల కడసారి చూపు.

ఆయన ఇంటిని మరపించు వ్యసనములకు లోనైనవాడు కాడు. ప్రయోగశాలయే ఆయన లోకము. సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి, రక్తము మొదలైన వానిలో భాస్వరము ఎంత కలదో రంగును బట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. జీవరసాయనశాస్త్రము చదువు విద్యార్థులు ఫిస్క్–సుబ్బారావు పద్ధతి యని నేర్చుకొనునది అదియే. 1927లో వారిరువురును కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును వెల్లడించిరి. 1929లో ఎ.టి.పి. అను పదార్థమును కనుగొనిరి. అదే సంవత్సరము జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని కనుగొనెను. గనిలో కార్మికుడు గడ్డపార నెత్తినను, పొలమున రైతు నాగలి పట్టినను ఆ కండరమునకు తక్షణము అందు శక్తి ఈ పదార్థమునుండియే. 1930లో ఆయనకు డాక్టరేటు లభించెను. ఇంత చేసినను హార్వర్డు ఆయనకు శాశ్వతోద్యోగము నీయలేదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరనున్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, పరిశోధనలకు నాయకుడయ్యెను. అచట ఆయన కృషి ఫలించినది. కాలేయమునుండి తీసిన ఫోలిక్ ఆమ్లమును ఆయన బృందము 1945లో కృత్రిమముగ తయారుచేసెను. రక్తహీనతకు మాత్రమే కాక, ఆయన సోదరులను హరించిన స్ప్రూ వ్యాధికిని అది మందయ్యెను. పాతికేండ్ల నాటి ప్రశ్నకు జవాబు దొరికినది. ఫోలిక్ ఆమ్లమునకు విరోధియైన అమినోప్టెరిన్ అను మందును కూడ ఆ బృందమే సమకూర్చెను. 1947 చివర బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు దానినిచ్చి, కొందరికి తాత్కాలికముగనైనను వ్యాధి తగ్గుట చూచెను. అంతవరకు ఆ వ్యాధికి అట్టి మందు లేదు. దాని తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ నేటికిని క్యాన్సరుకు, కీళ్లవాతమునకు వాడుకలోనున్నది. బోదకాలుకు డి.ఇ.సి. మందు 1947లో వెలువడెను. పెక్కు అంటురోగములకు ఉపయోగించు ఆరియోమైసిన్ అను మందును ఆ సంస్థలోనే డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనగా, అది 1948లో లోకమునకు వెల్లడియయ్యెను.

ఆ సంవత్సరమే ఆగస్టు మాసమున సుబ్బారావు గుండెపోటుచే మరణించెను. వయసు 53 సంవత్సరములు. కట్టుకొన్న భార్యగాని, తోడబుట్టినవారుగాని ఆ సమయమున చెంతలేరు. జీవించియుండగా ఆయనకు రాదగినంత కీర్తి రాలేదు. 1953లో ఒక శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు ఆయన పేరిడిరి. శతజయంతి వత్సరమైన 1995లో భారత ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను.

న్యాయముగ చూచినచో

ఆయనను నిందించుట సులభము. నిందించుటకు ముందు ఆనాటి పరిస్థితులను తలపోయవలెను. భారతీయులు వలస వచ్చి స్థిరపడుటను అమెరికా 1917, 1924 సంవత్సరముల చట్టములచే నిషేధించియుండెను. సంవత్సరమునకు నూరుమందికి అనుమతి, పౌరసత్వమునకు అర్హత 1946లో గాని కలుగలేదు. భార్యను పిలిపించుకొని అచట కాపురము పెట్టుట చాలకాలము దుస్సాధ్యమే. తానొకసారి విడిచివచ్చినచో మరల ఆ ప్రయోగశాల దక్కునో లేదో తెలియదు. 1939 నుండి 1945 వరకు ప్రపంచయుద్ధము సముద్రయానమునకు అడ్డయ్యెను.

అయినను స్వదేశమునకు మరలివచ్చుటకు ఏ చట్టమును అడ్డు లేదు. యుద్ధమునకు పూర్వము పదునైదేండ్లు గడచినవి. ప్రతి సంవత్సరము ఒక పరిశోధన ముగియుచుండెను, మరియొకటి మొదలగుచుండెను. ఇది ముగిసిన పిదప పోవుదమను తలంపు గల మనుజునకు ముగింపు ఎన్నడును రాదు. వాయిదా పడినది ప్రయాణము; దానితోబాటు ఒక స్త్రీ యౌవనము, సంసారము, సంతానాశ అన్నియు వాయిదా పడి, చివరకు లేకుండపోయినవి.

ఆయన దుర్వ్యసనపరుడై యుండినచో బంధువులు గట్టిగ అడిగియుందురు, పెద్దలు పంచాయితి పెట్టియుందురు. ఆయన చేయునది లోకోపకారము. దాని నెదిరించి అడుగుటకు ఎవరికి నోరు వచ్చును? రోగుల ప్రాణములు ఒకవైపు, తన ఒంటరితనము మరియొకవైపు ఉండగా ఏ ఇల్లాలు తన పక్షమున వాదించుకొనగలదు? దుర్గుణము చేసిన గాయమునకు సానుభూతియైనను దొరకును. సద్గుణము చేసిన గాయమునకు అదియు కరవు. కర్తవ్యదీక్షలోని ప్రమాదమంతయు ఇందే కలదు.

లోకమునకు చేసిన మేలు గొప్పదే. దానిని ఎవరును తక్కువ చేయజాలరు. కాని ఒకరికి ఈయవలసిన ఋణము వేరొకరికి దానము చేసినంతమాత్రమున తీరదు. దానమునకు పుణ్యము కలదు, ఋణము ఋణముగనే నిలుచును.

శరణుల మార్గము

కాయకమును పూజతో సమముగ చూచిన బసవేశ్వరుని అనుయాయులకు ఈ విషయము దగ్గరిదే. ఆ శరణులు కాయకమును ఎంత గౌరవించిరో సంసారమును అంత గౌరవించిరి. కల్యాణమున ఆయిదక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ప్రసిద్ధము. నేల రాలిన బియ్యపుగింజలేరి తెచ్చి దాసోహము సాగించుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు అవసరమునకు మించి బియ్యము తెచ్చెను. అధికమైన దానిని తిరిగి పోసి రమ్మని లక్కమ్మ పంపెను. మరియొకప్పుడు తత్త్వగోష్ఠిలో మునిగి కాయకము మరచినవానికి ఆమెయే గుర్తుచేసెననియు కథనము. మారయ్య కోపగింపలేదు, తాను పెద్దపని చేయుచున్నానని చెప్పి ఆమె నోరు మూయలేదు. కాయకము ఇద్దరిది కావున ఎంత చాలును, ఎంత అధికము అని తూచు త్రాసు ఇద్దరి చేతనుండెను.

సుబ్బారావు కాయకమున ఈ త్రాసు లేదు. ఆయన తూచెను, ఆయనయే తీర్పు చెప్పుకొనెను. సముద్రమునకు ఈవల నున్న శేషగిరి మాటకు ఆ త్రాసులో చోటు లేకపోయెను. ఆయన దోషమేమైన నున్నచో ఇంతియే. కాని ఇది చిన్నది కాదు.

ఇట్టి మహాశాస్త్రజ్ఞులు నూటికి కోటికొకరు. వారివలె మందులు కనుగొనకున్నను, వారివలె ఇంటిని మరచువారు ప్రతి ఊరను కలరు. శ్రీరాంపూరు గనులలో వంతులవారిగ రేయింబవళ్లు పని సాగును. తండ్రి రాత్రివంతు ముగించి వచ్చునప్పటికి పిల్లలు బడికి పోయియుందురు. పిల్లలు వచ్చువేళకు తండ్రి నిద్రలోనుండును. సెలవుదినమునను అదనపు పనికై పోవుచుండినచో ఒకే కప్పు క్రింద కాపురమైనను నడుమ సముద్రమున్నట్లే. వైద్యునకు రోగులు, ఉపాధ్యాయునకు శిష్యులు, వర్తకునకు అంగడి, సంఘసేవకునకు సభలు ఇట్లే అడ్డుపడును. గడించునది వారికొరకే కదాయని అందరును అందురు. ఎవరికొరకు గడించుచున్నారో వారిని ఆ మాట సరియేనాయని అడిగినవారు అరుదు.

పనిని తగ్గించుకొనుట అన్నివేళల సాధ్యము కాదు. గని ఆగదు, రోగము ఆగదు. కాని అడుగుట సాధ్యము. నెలకొకమారైనను భార్యాభర్తలు, పిల్లలు కూర్చుండి, ఈ పని మన నుండి ఏమి తీసికొనుచున్నది, అది మనకు సమ్మతమేనా యని మాటాడుకొనవచ్చును. ఇంటివారు కాదన్నప్పుడు మారయ్యవలె తిరిగి పోసి వచ్చు ధైర్యము పనిచేయువానికి ఉండవలెను. లక్కమ్మవలె చెప్పు ధైర్యము ఇంటివారికిని ఉండవలెను. శేషగిరికి ఆ అవకాశము దొరకలేదు. మన ఇండ్లలోని స్త్రీలకు, పిల్లలకు అది నేడు కలదు. దానిని వారినుండి తీసివేయకుండుట మన చేతిలోని పని.