రాయవేలూరు డాక్టరమ్మకు వచ్చిన సర్కారు ఉత్తర్వు

రాయవేలూరు ఆసుపత్రి పేరు తెలియని సంఘం మన దగ్గర లేదనే చెప్పాలి. ఎక్కడా తగ్గని జబ్బుతో చివరికి కాట్పాడి స్టేషనులో దిగి అక్కడికి వెళ్లివచ్చినవారు ప్రతి సంఘంలో ఒకరిద్దరైనా ఉంటారు. దాన్ని స్థాపించిన డాక్టర్ ఐడా స్కడ్డర్ కథ సండేస్కూలు పిల్లలకూ వచ్చు. ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి తలుపు తట్టారు. మగ డాక్టరు తాకకూడదన్న కట్టుబాటు వల్ల ఆ ముగ్గురు భార్యలూ ప్రసవ వేదనలోనే కన్నుమూశారు. ఆ మిషనరీ బిడ్డ అమెరికా వెళ్లి, 1899లో డాక్టరై తిరిగి వచ్చింది. మనం కథను సాధారణంగా అక్కడితో ఆపేస్తాం. కానీ ఆమెకు పెద్ద శోధన 67 ఏళ్ల వయసులో వచ్చింది.

1918లో ఆమె 17 మంది అమ్మాయిలతో వైద్య పాఠశాల తెరిచింది. అది ఇచ్చేది డిగ్రీ కాదు, ఎల్.ఎం.పి. అనే లైసెన్సు. అయినా 1922లో చివరి పరీక్ష రాసిన 14 మందీ పాసయ్యారు.

1937 ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రంలో జస్టిస్ పార్టీ ఓడి, రాజాజీ నాయకత్వాన కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చింది. ఎల్.ఎం.పి. చదువు ఇక ఉండదని, డాక్టరు కావాలంటే విశ్వవిద్యాలయానికి అనుబంధమైన కళాశాలలో ఎం.బి.బి.ఎస్. చదవాలని కొత్త ప్రభుత్వం తేల్చింది. మిషనుల మీద పగతో చేసిన పని కాదిది. పట్నానికి పెద్ద డాక్టరు, పల్లెకు చిన్న డాక్టరు అనే తేడా పోవాలన్నది న్యాయమైన ఆలోచనే. కానీ వేలూరుకు అది ఉరితాడులా కనిపించింది. కళాశాల కావాలంటే మరిన్ని పడకలు, ప్రయోగశాలలు, పెద్ద డిగ్రీలున్న ప్రొఫెసర్లు కావాలి. అంత డబ్బు ఎక్కడిది?

1939లో యుద్ధం విషయమై ఆ మంత్రివర్గం రాజీనామా చేసింది. మంత్రులు పోయారు గాని నిబంధన పోలేదు. ఐడా 1941లో అమెరికా వెళ్లి, యుద్ధం ముగిసే దాకా ఊరూరా తిరిగి విరాళాలు అడిగింది. ఈలోగా 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతులకు అనుమతి దొరికింది.

డబ్బుకంటే కష్టమైనది ఇంకొకటి ఉంది. పురుషులకూ సీట్లు ఇస్తే అనేక మిషన్లు కలిసి బరువు మోస్తామన్నాయి. స్త్రీల కోసమే ప్రాణం పెట్టిన మనిషికి అది ఎంత బాధో ఊహించండి. స్త్రీల కళాశాలలకు నిధులు పోగుచేసిన ఆమె పాత స్నేహితురాలు లూసీ పీబాడీ గట్టిగా ఎదిరించింది. ఆమెను తప్పుపట్టడం నాకు చేతకాదు. ఆడపిల్లల పేరున కానుకలిచ్చిన తల్లులకు జవాబు చెప్పవలసింది ఆమే మరి. చాలాకాలం నలిగి ఐడా చివరికి ఒప్పుకుంది. ఆ స్నేహం మాత్రం దెబ్బతింది.

1947లో అబ్బాయిలు ఆ తరగతుల్లో కూర్చున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక సంస్థ పగ్గాలు మన విశాఖపట్నం ఆడపడుచు డాక్టర్ హిల్డా లాజరస్ చేతికి వచ్చాయి. ఐడా కొడైకెనాల్‌లో విశ్రాంతి తీసుకుంటూ, 1960 మే నెలలో 89 ఏళ్ల వయసులో ప్రభువు నందు నిద్రించింది.