అంచున నిలిచిన ముఖం: రాజా దీన్‌దయాళ్ జీవితం

తిరుమల కొండ పాదాన, అలిపిరి పాదాల మండపంవద్ద, మెట్లెక్కబోయే యాత్రికులు ఒక్క క్షణం ఆగి ఛాయాచిత్రం తీయించుకొనడం పరిపాటి. వెనుకనున్న గోపురం నడుమ కనిపించాలి. మనిషి ఒక ప్రక్కగా నిలవాలి. కెమెరాను మూడుకాళ్ళ స్టాండుపై బిగించి తీసినప్పటికీ, ఒక్కొక్కసారి గోపురం తేటగా వచ్చి మనిషి ముఖం మసకబారుతుంది. ఎవరికోసం చిత్రం తీసినారో వారే అందులో లేనట్లవుతుంది. ఈ చిక్కు చిన్నదిగా తోచినా, ఛాయాగ్రహణకళ ఎంత పాతదో ఇదీ అంత పాతది. ఓర్పును, కొలతను నమ్ముకొని ఆ కళలో కీర్తి గడించి, తెలుగునేలను తన కార్యక్షేత్రం చేసికొన్నవారిలో రాజా దీన్‌దయాళ్ అగ్రగణ్యులు.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపానగల సర్ధనా గ్రామంలో ఒక జైన కుటుంబంలో జన్మించినారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో విద్య ముగించి, 1866లో ఇండోరులో ప్రజాపనుల శాఖలో ఉద్యోగంలో చేరినారు. కట్టడాలకు అంచనాలు వేయడం, నక్షాలు గీయడం ఆయన పని. ముప్పదియేండ్ల ప్రాయంలో కెమెరా చేపట్టినారు. ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయనను ప్రోత్సహించినారు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్యభారతంలో పర్యటించి, అచ్చటి ప్రాచీన కట్టడాలను చిత్రించినారు. తరువాత ఉద్యోగం విడిచి, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారులై, సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పినారు.

ఆనాటి కెమెరా ఒక పెద్ద పెట్టె. ముందు కటకం, నడుమ ముడుచుకొనే తోలుతిత్తి, వెనుక మసక గాజుపలక. నల్లని గుడ్డ కప్పుకొని చూస్తే ఆ గాజుపై దృశ్యం తలక్రిందులుగా కనబడుతుంది. చిత్రకారుడు మొదట ఎవరు ఎచ్చట ఉండవలెనో నిర్ణయించి, స్టాండును స్థిరపరచుకొంటాడు. అటుపిమ్మట గాజుపై ముఖం ఏ మూల పడితే ఆ మూలనే భూతద్దం ఆనించి, కనురెప్పలు తేటపడేవరకు తిత్తిని జరుపుతాడు. ఆపైన గాజు ఉన్న స్థానంలోనే రసాయనం పూసిన పలకను అమర్చి చిత్రం తీస్తాడు. ఫోకసు కుదిరిన తరువాత కెమెరా వెంట్రుకవాసి అయినా కదలరాదు. స్టాండు ప్రయోజనం అదే.

ఈ క్రమం తలక్రిందులైతే ఏమవుతుంది? ముఖాన్ని నడుమకు తెచ్చి ఫోకసు కుదిర్చి, పిదప కెమెరాను ప్రక్కకు త్రిప్పితే పొరపాటు తప్పదు. స్పష్టత కెమెరాకు సమాంతరమైన ఒక తలంపై నిలుస్తుంది. కెమెరా తిరిగితే ఆ తలమూ తిరిగి ముఖానికి వెనుకకు జారుతుంది. 2 మీటర్ల దూరంలోని మనిషి విషయంలో కెమెరాను 20 డిగ్రీలు త్రిప్పితే, ఆ జారుడు సుమారు 12 సెంటీమీటర్లు. కటకపు రంధ్రాన్ని చిన్నది చేసి ఈ లోపాన్ని కొంత కప్పిపుచ్చవచ్చును. కాని వెలుతురు తగ్గుతుంది. ఎదుటివారు మరికొంతసేపు కదలకుండ ఉండవలసివస్తుంది.

దర్బారు చిత్రాలలో పదుల సంఖ్యలో మనుష్యులు బారులు తీరి ఉండేవారు. నడుమ ప్రభువు, అంచున సేవకుడు. గాజుపలకకు ఈ భేదం తెలియదు. అంచుననున్న ముఖాన్ని కూడ పరీక్షించినవాడే మంచి చిత్రకారుడు. దీన్‌దయాళ్ కెమెరా ప్రభువులవద్దనే ఆగిపోలేదు. 1892లో ఘోషా స్త్రీలకై ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్లమహిళకు అప్పగించినారు. పరాయి పురుషుని ఎదుటకు రాని స్త్రీలకు ఆ విధంగా తమ రూపాన్ని నిలుపుకొనే అవకాశం కలిగినది. నిజాము రాజ్యంలో కరువు సహాయక పనులను కూడ ఆయన సంస్థ చిత్రించినది. 1902లో వరంగల్లు ప్రాంతపు నెక్కొండవద్ద వేటాడిన పులితో కర్జను దంపతుల చిత్రమూ ఆయనదే.

నిజాము ఆయనకు ముసవ్విర్ జంగ్ అను బిరుదు ఇచ్చినారు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. విక్టోరియా రాణినుండి కూడ ఆయనకు ఆస్థాన ఛాయాచిత్రకారుని గౌరవం లభించినది. 1896లో బొంబాయిలో మరొక స్టూడియో వెలసినది. అయితే చివరి దినాలు సుఖంగా గడవలేదు. 1904లో కుమారుడు ధరంచంద్ మరణించినాడు. మరుసటి సంవత్సరం, 1905 జూలై 5న, దీన్‌దయాళ్ కూడ కన్నుమూసినారు. ఆయన సంస్థకు చెందిన 2,857 గాజు నెగటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించినది. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మారకంగా బిళ్ళ వెలువరించినది.

నేటి కెమెరాలలో గాజుపలకకు బదులు చిన్న తెర ఉన్నది. ఫోకసు బిందువును తెరపై కోరిన చోటికి జరుపవచ్చును. ఆ భాగాన్ని పెద్దదిగా చేసి చూడవచ్చును. అయినను క్రమం పాతదే: ముందు చిత్రపు హద్దులు, తరువాత స్టాండు, ఆ తరువాత మనిషి కన్ను. అలిపిరివద్ద విద్యార్థుల బృందాన్ని నిలువబెట్టిన ఉపాధ్యాయుడు ఈ క్రమం పాటిస్తే, గోపురం నడుమనే ఉంటుంది. అంచున బిడియంగా నిలిచిన బాలుని ముఖమూ చెరగకుండ ఉంటుంది.