సర్వాయి పాపన్న సేనానిర్వహణము

నల్లగొండ సీమలో భువనగిరి దుర్గము నెరుగనివారుండరు. ఒకే శిలగా నేలనుండి పైకి లేచిన ఆ కొండ నెక్కు విద్యార్థులకు చాళుక్య విక్రమాదిత్యుని పేరుతోపాటు వినవచ్చు మరియొక పేరు సర్వాయి పాపన్న. కల్లుగీత వృత్తిగాగల గౌడకుటుంబమున జన్మించి, మొగలు సుబేదారులను కొన్నేండ్లు ముప్పుతిప్పలు పెట్టిన ఈతని కథను పల్లెప్రజలు పాటగా పాడుకొనిరి. ఆ పాట 1874లో అచ్చుకెక్కినది. పారశీక చరిత్రకారుడు కాఫీఖాన్ మాత్రమాతనిని దోపిడికాడుగనే చిత్రించెను. అట్టి సామాన్యుడు ఒక సేన నెట్లు కూర్చెను? ఎట్లు నడిపెను? ఎట్లు కోల్పోయెను?

పాపన్న మొదట కౌలాసు జమీందారు వెంకటరావు కొలువులో చిన్న దండుకు నాయకుడు. దారిదోపిడి నేరముపై చెరసాల పాలై, జమీందారు భార్య దయవలన విడుదల పొందెను. పిదప జనగామ ప్రాంతమున షాపూరు, అనగా నేటి ఖిలాషాపూరు, చేరి మిత్రుడు సర్వనితో కలిసి కోట కట్టెను. హైదరాబాదు నుండి వచ్చిన మొగలు సేనలు దానిని ముట్టడించెను. ఆ రోజులలో సర్వడు మరణించెను. పాపన్న వెనుకంజ వేయక, రాతితోను సున్నముతోను షాపూరు కోటను మరల బలముగా కట్టించెను.

ఆతని బలమునకు ముఖ్యాధారము కాల్బలము. ఓరుగల్లుపై నడచిన నాటికి రెండుమూడువేల కాల్బంట్లు, నాలుగైదు వందల రౌతులు ఆతని వెంట నుండిరి. తీరమందలి డచ్చి, ఆంగ్ల వర్తకులకడ 700 జంటగొట్టపు తుపాకులు కొనెనని తెలియుచున్నది. ఆనాటి సామాన్యపు తుపాకికి ప్రతి దెబ్బకును మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టింపవలెను. ఆ వ్యవధిలో శత్రువు మీదికి రాగలడు. జంటగొట్టముల తుపాకి గల భటునికి రెండవ దెబ్బ సిద్ధముగా నుండును. కోటబురుజులపై ఫిరంగులు కాపు కాయుచుండెను. సేనకు తిండియు కావలెను గదా! అందుకై బంజారాల నుండి పది పన్నెండువేల యెడ్లను పట్టుకొని, తన పొలములు దున్నించెను.

1707లో ఔరంగజేబు మరణింపగా రాజ్యమున అలజడి బయలుదేరెను. పాపన్న అదను కనిపెట్టెను. 1708 ఏప్రిల్ 1, మొహరము పండుగనాటి వేకువన, ఓరుగల్లుపై బడెను. కొందరు భటులు బాటల నడ్డగింప, కొందరు త్రాళ్లతో గోడలెక్కిరి. రెండు నెలలకు భువనగిరిపై దాడి వెడలెను. ఈ దాడులలో ధనముతోపాటు స్త్రీపురుషులను పెక్కుమందిని చెరపట్టి షాపూరున నుంచెను. వీరగాథను మెచ్చువారు ఈ చెరను మరువరాదు. ఆతని పతనమునకు బీజమిచ్చటనే పడినది.

1709 ఆరంభమున బహదూర్‌షా హైదరాబాదు వచ్చినప్పుడు పాపన్న పదునాలుగు లక్షల రూపాయలు కానుకగా నర్పించి, చక్రవర్తిచే ఖిల్లతు పొందెను. కాని తమ బంధువులు చెరలో మగ్గుచుండగా ఈ గౌరవమును ప్రముఖులు సహింపలేదు. వారి మొర విని చక్రవర్తి పాపన్నను అణచుమని సుబేదారు యూసుఫ్‌ఖాన్‌ను ఆజ్ఞాపించెను.

ఆ యేడే పాపన్న మరియొక కోట ముట్టడిలో నుండగా షాపూరు చెరలో తిరుగుబాటు పుట్టెను. ఆ చెరలో పాపన్న బావమరిది యొకడు. పాపన్న భార్య అన్నములో ఆకురాళ్లు దాచి సోదరునకు పంపెననియు, వానితో ఖైదీలు సంకెలలు కోసికొనిరనియు కథనము. వారు కావలివారిని లోబరచుకొని కోటను వశపరచుకొనిరి. పాపన్న తిరిగివచ్చి తలుపులకు నిప్పు పెట్టించెను. ఆతడు నిలిపిన ఫిరంగులే ఆతనిపై పేలెను. ఇంతలో మొగలు సేనాని దిలావర్‌ఖాన్ సమీపింపగా, పాపన్న తాటికొండకు పారిపోయెను.

అచ్చట ముట్టడి నెలలు సాగెను. వదలివచ్చినవారికి రెట్టింపు జీతమిత్తునని యూసుఫ్‌ఖాన్ ప్రకటింపగా పలువురు భటులు జారిపోయిరి. తుపాకిమందు అయిపోయెను. పాపన్న మారువేషమున హసనాబాదు చేరెను. అచ్చట కల్లు అమ్మువాడొకడు ఆనవాలుపట్టి పట్టియిచ్చెను. 1710లో ఆతనిని చంపి, తలను చక్రవర్తికి పంపి, మొండెమును హైదరాబాదు ద్వారమున వ్రేలాడదీసిరి.

కొనిన తుపాకులు, కట్టిన గోడలు, జీతమునకు కుదిరిన భటులు ఎంతవరకు నిలుతురో ఈ జీవితము చెప్పుచున్నది. ఐనను దర్బారులో తలవంచక తప్పని కులమునుండి వచ్చి, ఆ దర్బారునకే భయము పుట్టించిన ధైర్యమును ప్రజలు మరువలేదు. ఉపాధ్యాయులు పాటనూ, పారశీక చరిత్రనూ కలిపి చెప్పినప్పుడే విద్యార్థికి సంపూర్ణుడగు పాపన్న కనబడును.