డాక్టర్ వైల్డర్ పెన్‌ఫీల్డు

మూర్ఛరోగమును చూడనివారు మన ఊళ్లలో అరుదు. నిలుచున్నవాడు ఉన్నట్లుండి నేలకు ఒరుగును, కాలుసేతులు కొట్టుకొనును, నోట నురుగు వచ్చును. కొందరు గాలి సోకినదందురు; కొందరు రోగి చేతిలో ఇనుప తాళపుచెవి నుంచుదురు. తాళపుచెవి వలన ప్రయోజనమేమియు లేదు. మెదడులోని కణములు అదుపు తప్పి ఒక్కుమ్మడిగా విద్యుత్తును వెలువరించుటయే ఈ రోగమునకు కారణము. మందులకు లొంగని కొందరిలో, మూర్ఛ పుట్టుచోటును గుర్తించి, దానిని శస్త్రచికిత్సచే తొలగింతురు. ఈ విద్యకు బాటవేసిన మహనీయులలో వైల్డర్ పెన్‌ఫీల్డు ముఖ్యుడు. తన చేతిపని వలన కలిగిన మేలునే గాక కీడును కూడ వెదకి చూచి, దానిని దాచక లోకమునకు తెలిపిన ధైర్యశాలి యాయన.

పెన్‌ఫీల్డు 1891 జనవరి 26వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని స్పోకేన్ పట్టణమున జన్మించెను. తండ్రి వైద్యుడే కాని, ఆయన వృత్తి చక్కగా సాగలేదు. వైల్డరుకు ఎనిమిదేండ్ల ప్రాయమున తల్లి బిడ్డలను వెంటబెట్టుకొని విస్కాన్సిన్ రాష్ట్రములోని హడ్సన్ పట్టణమునకు చేరెను. కుమారుని చదువుపై ఆ తల్లికి గల పట్టుదల గొప్పది. 1913లో ప్రిన్స్‌టన్ పట్టభద్రుడై, రోడ్సు విద్యార్థివేతనము సంపాదించి, పెన్‌ఫీల్డు ఆక్స్‌ఫర్డు చేరెను. నాడీమండల పరిశోధనలో పేరెన్నికగన్న షెరింగ్టన్ అచట ఆయనకు గురువయ్యెను. 1916 మార్చిలో, మొదటి ప్రపంచయుద్ధ కాలమున, ఆయన ప్రయాణించుచున్న ససెక్స్ అను ఓడ జర్మనుల దాడికి గురికాగా, ఆయన గాయపడి, ప్రఖ్యాత వైద్యుడైన విలియం ఆస్లర్ ఇంట కోలుకొనెను. 1918లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టము నందెను. 1928లో కెనడా దేశములోని మాంట్రియల్ నగరమున శస్త్రవైద్యుడుగా స్థిరపడెను.

ఆ సంవత్సరము డిసెంబరులోనే ఆయనకు కఠినపరీక్ష ఎదురయ్యెను. ఆయన అక్క రూత్ చాలకాలముగా తలనొప్పితోను మూర్ఛలతోను బాధపడుచుండెను. మెదడు ముందుభాగమున కుడివైపున కంతి పెరిగినదని తేలెను. తోడబుట్టినదానిపై కత్తిపట్టుట ఎంత కష్టమో ఊహింపుడు. అయినను పెన్‌ఫీల్డు తానే శస్త్రచికిత్స చేసి, తీయగలిగినంత కంతిని తీసివేసెను. ఆమె బ్రతికి ఇంటికి చేరెను. మాట, నడత, మర్యాద యథాప్రకారముగ నున్నవి. కొంతకాలమునకు తమ్ముడు భోజనమునకు వచ్చిన దినమున ఆమె వంట ఆరంభించెను. ఐదుగురికి మాత్రమే వండవలసియున్నది. కావలసిన వస్తువులన్నియు ఎదుటనే యున్నను, ఏది ముందో ఏది వెనుకో అమర్చుకొనలేక, ఆమె ఎంతసేపటికిని వంట ముగింపలేకపోయెను. తుదకు కలతచెంది కూర్చుండెను. ఇతరులకు గోచరింపని ఈ లోపమును పెన్‌ఫీల్డు గమనించెను. రూత్ 1931లో మరణించెను. 1935లో ఆయన ఈ యనుభవమును వైద్యపత్రికలో వెల్లడించెను. గాయము మానినంత మాత్రమున చికిత్స ముగియదను పాఠమును ఆయన ఇట్లు అక్క జీవితమునుండి నేర్చుకొనెను.

1934లో మాంట్రియల్ నాడీశాస్త్ర సంస్థ ప్రారంభమయ్యెను. 1960 వరకు పెన్‌ఫీల్డు దానికి అధ్యక్షుడుగ నుండెను. మెదడునకు స్వయముగ నొప్పి తెలియదు. కావున తలచర్మమునకు మాత్రము మత్తుమందిచ్చి, రోగిని మేలుకొల్పియే యుంచి, మెదడు పైభాగమును స్వల్పవిద్యుత్తుతో తాకుచు, ఏ చోటు తాకిన చేయి కదలునో, ఏ చోటు తాకిన మాట నిలుచునో ఆయన గుర్తించెడివాడు. ముఖ్యస్థానములను కాపాడుచు, రోగస్థానమును తొలగించెడివాడు. ఈ విధమున పెక్కుమందికి మూర్ఛలు తగ్గినవి.

అయితే చెవులకు సమీపమున నుండు మెదడు పార్శ్వభాగమున ఒక చిక్కు ఎదురయ్యెను. 1951లో ఒక ఇంజనీరుకు ఎడమపార్శ్వమున లోపలిభాగమును కూడ తొలగించిరి. ఆయన బుద్ధికుశలత తగ్గలేదు. కాని అప్పుడే జరిగిన సంగతులు మనసున నిలువవయ్యెను. మరియొక రోగికిని ఇదే దుస్థితి కలిగెను. పెన్‌ఫీల్డు ఈ విషయమును మరుగుపరుపలేదు. 1950లో సంస్థకు వచ్చియున్న బ్రెండా మిల్నర్ అను మనస్తత్త్వ శాస్త్రవేత్తచే ఆ రోగులను శ్రద్ధగా పరీక్షింపజేసెను. తాము తొలగించినది ఎడమభాగమే అయినను, కుడిభాగమున మునుపే రోగము దాగియుండవచ్చునని వారు తలచిరి. ఆ ఇంజనీరు మరణానంతరము జరిపిన పరీక్షయందు కుడివైపున ఆ భాగము క్షీణించియుండుట కనబడెను. 1974లో, తన 83వ యేట, పెన్‌ఫీల్డు ఆ ఫలితమును ప్రకటించెను.

1955లో పెన్‌ఫీల్డు, మిల్నర్‌లు ఈ సంగతిని వైద్యసభకు నివేదింపగా, స్కోవిల్ అను మరియొక శస్త్రవైద్యుడు తన రోగిని గూర్చి వారికి తెలియజేసెను. ఆ రోగి హెన్రీ మొలైసన్. 1953లో, 27 ఏండ్ల వయస్సున, అతనికి మెదడు రెండుపార్శ్వములందును లోపలిభాగమును తొలగించిరి. మూర్ఛలు తగ్గినవి, కాని క్రొత్త సంగతి ఏదియు జ్ఞాపకముండదయ్యెను. తరువాత వారి కుటుంబము అదే వీథిలో వేరొక యింటికి మారెను. హెన్రీకి క్రొత్తయింటి త్రోవ ఎన్నినాళ్లకును పట్టువడక, కాళ్లు పాతయింటికే మరలుచుండెను. 1957లో స్కోవిల్, మిల్నర్‌లు ఈ వృత్తాంతమును ప్రకటించిరి. 2008లో మరణించువరకు అతడు శాస్త్రవేత్తల పరీక్షలకు ఓపికతో సహకరించెను.

వీరివలన మనకు తెలిసినదేమి? మెదడులోపల ఇరుపార్శ్వములందు హిప్పోకాంపస్ అను చిన్నభాగము కలదు. క్రొత్త జ్ఞాపకములు నిలుచుటకు అది ఆధారము. ఎడమభాగము చెడినచో సాధారణముగ మాటలు, కథలు, పేర్లు జారిపోవును. కుడిభాగము చెడినచో ముఖములు, త్రోవలు, వస్తువులుండు చోటులు జ్ఞాపకముండవు. 1981లో ప్రకటితమైన ఒక పరీక్షలో బల్లపై 16 ఆటవస్తువులను పరచి, పిదప వానిని మొదటి చోటులలోనే ఉంచుమనిరి. కుడి హిప్పోకాంపస్ అధికముగ తొలగింపబడినవారు వస్తువుల పేర్లు చెప్పగలిగినను, వాని స్థానములను చెప్పుటలో తడబడిరి.

ఈ జ్ఞానము ఫలింపకపోలేదు. మెదడులో ఒకవైపును కొన్ని నిమిషములు నిద్రపుచ్చి, రెండవవైపు జ్ఞాపకమును మోయగలదో లేదో ముందుగా పరీక్షించు పద్ధతిని 1962లో మిల్నరును ఆమె సహచరులును ప్రకటించిరి. రెండువైపులను తొలగించు శస్త్రచికిత్స మానివేయబడెను. మాంట్రియల్‌లో శిక్షణ పొందిన డాక్టర్ జేకబ్ చాందీ 1949లో మన వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో మెదడు శస్త్రచికిత్సా విభాగమును నెలకొల్పెను. ఆ విధముగ పెన్‌ఫీల్డు విద్య మన ముంగిటికి కూడ వచ్చినది.

పెన్‌ఫీల్డు 1976 ఏప్రిల్ 5వ తేదీన మాంట్రియల్‌లో కన్నుమూసెను. విద్యార్థులారా, లెక్క తప్పినప్పుడు పలకను తుడిచివేయుట సులభము. ఎక్కడ తప్పెనో తిరిగి చూచుట కష్టము. ఆయన ఆ కష్టమునే ఎన్నుకొనెను. అందువలన పిదపి తరముల రోగులకు కొంత కీడు తప్పినది. మీ యింటనో ఇరుగుపొరుగుననో మూర్ఛవ్యాధికి చికిత్స పొందినవారుండి, పేరు మరచినను, త్రోవ తప్పినను, నవ్వకుడు. వారు చెప్పునది ఓపికతో ఆలకించి, వ్రాసియుంచి, వైద్యునకు తెలుపుడు. కనిపెట్టి చూచువారున్నచోటనే చికిత్స సంపూర్ణమగును.